మండె నుంచి మందు దాకా

కోనసీమ రైతు నారుమడి కోసం వడ్లను నేరుగా మట్టిలో చల్లడు. గోనెసంచిలో పోసి, మూతి కట్టి, ఒక రోజు నీటిలో నానబెడతాడు. పిమ్మట నీరు ఓడ్చి, గడ్డి కప్పి, బరువు పెట్టి మండె కడతాడు. మరునాటికి ఆ సంచిలో చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. గింజ మొన వద్ద తెల్లని మొలక తొంగి చూస్తుంది. వేడి మితిమీరితే మొలక చెడిపోతుందని రైతుకు తెలుసు కనుక మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తాడు. ఆ వెచ్చదనం మాటున ఏమి జరుగుతున్నదో కంటికి కనిపించదు. గింజలో నిలువ ఉన్న పిండిపదార్థాన్ని అమైలేజ్ అనే ఎంజైము చక్కెరగా విడగొడుతుంది. ఆ చక్కెరే పసి మొలకకు తొలి ఆహారం. ఎంజైము మాంసకృత్తు కావడం వల్ల అధికమైన వేడికి దాని ఆకృతి చెదిరిపోతుంది, పని ఆగిపోతుంది. రైతు చిలకరించే నీటికి ఇంతటి శాస్త్రార్థం ఉంది.

తాటి చెట్టెక్కే గీత కార్మికునికీ ఇటువంటి రహస్యమే తెలుసు. కల్లు కావలసిననాడు ఉత్త లొట్టి కడతాడు. బెల్లానికి తీపి నీరు కావలసిననాడు లొట్టి లోపల సున్నం పూస్తాడు. సున్నపు క్షారగుణం వల్ల ఈస్ట్ అనే సూక్ష్మజీవి తన ఎంజైములతో చక్కెరను పులియబెట్టలేకపోతుంది. ఉష్ణోగ్రత, ఆమ్ల క్షార స్థితి అనే రెండు అంశాలు ఎంజైముల పనిని శాసిస్తాయని పాఠ్యపుస్తకం చెప్పే మాటను ఈ ఇద్దరూ పుస్తకం తెరవకుండానే ఆచరిస్తున్నారు.

అయితే ఆచరణకు ఒక హద్దు ఉంది. అనుభవం పని జరిగిందని చెప్పగలదు. ఎంత జరిగింది, ఎంత వేగంగా జరిగింది, ఏ పదార్థం దాన్ని ఆపింది అన్న ప్రశ్నలకు సమాధానం కొలత వల్లనే వస్తుంది. ఎంజైముల చరిత్రను పరిశీలిస్తే మందు కన్నా ముందు కొలత పుట్టిందని, కొలత పుట్టిననాడు దాని ప్రయోజనం ఎవరికీ తెలియదని స్పష్టమవుతుంది. ఈ వరుసను విస్మరించి, ప్రతి పరిశోధననూ తొలినాడే “ఇది దేనికి పనికివస్తుంది?” అని నిలదీసే సమాజం ఇతరులు కనిపెట్టిన మందులను కొనుక్కుంటూ ఉండవలసిందే.

ఎంజైము అనే పేరు పెట్టినది జర్మనీకి చెందిన కూనె. ఆ పేరు 1870లలో వాడుకలోకి వచ్చింది. పులియడానికి ప్రాణమున్న కణం తప్పనిసరి అని అప్పటి పండితులు నమ్మేవారు. 1897లో బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, రసం పిండి, కణమన్నది లేని ఆ రసం సైతం చక్కెరను పులియబెడుతుందని చూపాడు. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. దానికి అతడు ఎంచుకున్నది తమ్మకాయ వర్గానికి చెందిన ఒక చిక్కుడు గింజ. చిన్ననాట వేటలో ఎడమ చేయి పోగొట్టుకున్న సమ్నర్ ఒంటి చేత్తోనే ఆ పని సాధించాడు. ఎంజైము మాంసకృత్తేనన్న అతని మాటను తోటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. 1946లో అతనికి నోబెల్ బహుమానం లభించింది.

ఈ కథలో తెలుగువారి వంతు చిన్నది కాదు. రాజోలు ప్రాంతం నుంచి వసిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. అక్కడికి చేరువలోనే భీమవరం. 1895 జనవరి 12న ఆ ఊరిలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించాడు. మెట్రిక్యులేషన్ రెండు సార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో గట్టెక్కిన విద్యార్థి ఆయన. సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. ఆహారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషిని తినివేసే ఆ వ్యాధికి కారణం ఆనాటి వైద్యులకు తెలియదు. మద్రాసు వైద్యకళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను అమెరికా చేరి, 1924లో హార్వర్డ్ నుంచి ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పని చేస్తూ చదువుకున్నాడు.

సోదరులను పోగొట్టుకున్న యువకుడు నేరుగా స్ప్రూ వ్యాధికి మందు వెదుకుతాడని అనుకోవడం సహజం. ఆయన మొదట చేసినది భాస్వరాన్ని కొలవడం. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించి, 1925లో ప్రకటించాడు. పద్ధతి క్లుప్తంగా ఇది. నమూనాలోని ఫాస్ఫేటుకు మాలిబ్డేట్ అనే రసాయనం కలుపుతారు. మరొక రసాయనంతో దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. రంగు చిక్కదనాన్ని కొలిస్తే భాస్వరం లెక్క తేలుతుంది. జీవరసాయన శాస్త్రం చదివిన వారందరికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరు పరిచితమే.

ఎంజైముల పరిశోధనకు ఈ నీలిరంగు చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే. శరీరంలోని ఎన్నో ఎంజైములు ఫాస్ఫేటును ఒక అణువు నుంచి విడదీస్తాయి, లేదా మరొక అణువుకు తగిలిస్తాయి. ఎంజైము కంటికి కనిపించదు. అది విడుదల చేసిన ఫాస్ఫేటును కొలిస్తే దాని పనితీరు తెలుస్తుంది. ఫాస్ఫటేజ్ అనే ఎంజైముల మోతాదు రక్తంలో పెరిగితే ఎముకల వ్యాధినో, కాలేయ వ్యాధినో అనుమానించవచ్చునని 1930లలో వైద్యులు గ్రహించారు. అప్పటి పరీక్షలకు ఆధారం ఫాస్ఫేటును కొలవడమే. ఇదే మార్గంలో సాగి ఫిస్క్, సుబ్బారావులు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఆ పదార్థాన్ని విడిగా కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం ఈ పరిశోధనల ముందు నిలువలేకపోయింది. ఒక ఎంజైము ఏ.టి.పి.ని విడగొట్టినప్పుడు వెలువడే శక్తితోనే చేయి కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనశాలలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఉపశమనం కలిగిస్తుందని 1940ల నడుమ తేలింది. భీమవరంలో రేగిన దుఃఖానికి సమాధానం, భాస్వరం లెక్కలు తిరిగి, పాతికేళ్లకు పైగా గడిచాక లభించింది. సోదరులు మాత్రం తిరిగి రాలేదు.

అక్కడితో ఆగితే అది మంచి విటమిన్ కథగా మాత్రమే మిగిలేది. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలను ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా విజృంభించినట్లు కనిపించింది. ఆ వైఫల్యంలోనే ఒక సూచన ఉంది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణాలను పోషిస్తున్నట్లయితే, దాన్ని అడ్డగించే పదార్థం వాటిని ఆకలితో చంపవచ్చు. సుబ్బారావు బృందం అటువంటి పదార్థాన్ని, అమినోప్టెరిన్‌ను, తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం మందు పుచ్చుకున్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు ఆ వ్యాధి సోకిన పిల్లలకు వారాలో, నెలలో తప్ప ఆయుర్దాయం ఉండేది కాదు. అదే సంవత్సరం ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, సుబ్బారావు మరణించాడు.

ఆ మందు ఎలా పనిచేసిందో తరువాతి దశాబ్దంలో గాని పూర్తిగా బోధపడలేదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్.ఏ. కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లాన్ని పనికివచ్చే రూపానికి మార్చే ఒక ఎంజైము ఉంది. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు నోరు తిరగనిదే గాని పని సులువుగానే అర్థమవుతుంది. ఎంజైము తాళమైతే అది పనిచేసే పదార్థం తాళంచెవి అని 1894లో ఎమిల్ ఫిషర్ పోల్చాడు. అమినోప్టెరిన్, దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్, అచ్చం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన దొంగ తాళంచెవులు. తాళంలో దూరుతాయి, తిరగవు, ఊడిరావు. 1950లలో మెథోట్రెక్సేట్ ఒక రకం గర్భకోశ క్యాన్సర్‌ను నయం చేసింది. నేడు తక్కువ మోతాదులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు. అమలాపురంలోనో, కొత్తపేటలోనో వారానికి ఒక్కసారి వేసుకొమ్మని వైద్యుడు రాసి ఇచ్చే ఆ చిన్న మాత్ర మూలపురుషుడు నది ఆవలి ఒడ్డువాడని ఎందరికి తెలుసు?

కోనసీమకు ఆయన రుణం మరొకటి ఉంది. కాలువలు, మురుగు బోదెలు, దోమలు గల ఈ సీమలో బోదకాలు తరతరాల శాపం. దానికి నేటికీ వాడే డైఇథైల్ కార్బమజైన్‌ను లెడర్లీలో ఆయన బృందమే 1947లో వెలువరించింది. ఫైలేరియా సూక్ష్మక్రిములు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి గనుక ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇళ్లకు వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు. 2004 నుంచి వ్యాధి ప్రబలిన జిల్లాలలో, అప్పటి తూర్పు గోదావరితో సహా, ఏటా ఇంటింటికీ ఈ మాత్రలు పంచే కార్యక్రమం నడిచింది. ఆ మందు పనితీరు నేటికీ పూర్తిగా తేలలేదు. శరీరంలోని అరాకిడోనిక్ ఆమ్లంపై పనిచేసే ఎంజైములను అది ప్రభావితం చేసి, క్రిమిని రోగనిరోధక కణాలకు పట్టి ఇస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. డెబ్బై ఏళ్లకు పైగా కోట్లాది మంది మింగిన మాత్రలోనూ ఒక ప్రశ్న మిగిలి ఉందన్నది యువ పరిశోధకులు గమనించదగిన విషయం.

మనుషుల వ్యాధుల సంగతి ఇలా ఉండగా, కోనసీమ కొబ్బరి చెట్టుకూ ఎంజైముల వల్ల ఆపద, ఎంజైముల వల్లనే రక్ష. మొదలు వద్ద ఎర్రని బంకవంటి ద్రవం కారి, ఆకులు వాలి, క్రమంగా చెట్టు ఎండిపోయే గానోడెర్మా తెగులు ఇక్కడి రైతులకు సుపరిచితం. నేలలో ఉండే ఆ శిలీంధ్రం తన ఎంజైములతో వేరును, మానును జీర్ణం చేసుకుంటుంది. దాని ఆట కట్టించడానికి వాడే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. శిలీంధ్రాల కణకుడ్యంలో కైటిన్, గ్లూకాన్ అనే పదార్థాలుంటాయి. ట్రైకోడెర్మా వెలువరించే ఎంజైములు ఆ రెండింటినీ కరిగించి శత్రువు గోడ కూల్చుతాయి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం ఈ జీవనియంత్రణ పద్ధతులపై పనిచేస్తున్నది. వేపపిండితో కలిపి ట్రైకోడెర్మాను చెట్టు పాదులో వేయడం రైతులకు అలవాటైంది. తెగులు ముదిరిన చెట్టును ఇది బ్రతికించలేదు. తొలిదశలో గుర్తిస్తేనే ఫలితం. రెండు బూజుల మధ్య ఎంజైముల పోరు సాగుతున్న ఆ పాదు పక్క నుంచే విద్యార్థి సైకిలు మీద కళాశాలకు పోయి, ఎంజైముల నిర్వచనం కంఠస్థం చేసి వస్తాడు. ఇంతకన్నా విచారించదగినది మరొకటి లేదు.

ఈనాటి రోగనిర్ధారణ అంతా ఎంజైముల భుజాల మీదనే నడుస్తున్నది. మధుమేహ రోగి ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకునే స్ట్రిప్‌పై గ్లూకోజును పసిగట్టే ఎంజైము పూత ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోనసీమలో ఆ డబ్బా మూత బిగించకపోతే అంకె తప్పు చూపడానికి కారణం అదే. కామెర్లు వచ్చిన వానికి పసరు పోయించే ముందు రక్తంలో ఎస్.జి.పి.టి. ఎంతుందో చూడాలి. ఆ ఎంజైము ఉండవలసినది కాలేయ కణాలలో. రక్తంలో అది పెరిగిందంటే కణాలు దెబ్బతింటున్నాయని అర్థం. పసరు మీద నమ్మకం ఎంత గట్టిదైనా ఈ అంకెతో వాదించలేదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకాను స్వదేశంలో తయారుచేసి విపణిలోకి తెచ్చినప్పుడు, వైరస్ జన్యువును ఈస్ట్ కణంలోకి చేర్చే విద్య ఆధారపడినది డి.ఎన్.ఏ.ను కత్తిరించే, అతికించే ఎంజైముల మీదనే.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ప్రతి ఊరిలోను వినిపించిన ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో రెండు ఎంజైముల పని ఉంది. ఒకటి వైరస్ ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుతుంది. రెండవది దాన్ని లక్షల ప్రతులుగా పెంచుతుంది. ఈ రెండవ ఎంజైము పుట్టుక ఆశ్చర్యకరం. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బ్రతికే ఒక బాక్టీరియాను కనుగొన్నాడు. మరిగే నీటికి చేరువలో జీవి ఎలా బ్రతుకుతుందన్న కుతూహలం తప్ప వైద్యం ఊసే అతనికి లేదు. వేడికి చెదరని ఆ బాక్టీరియా ఎంజైమే తరువాతి కాలంలో పి.సి.ఆర్.కు ప్రాణమైంది. మండెలో వేడెక్కి మాడే అమైలేజ్‌కు ఇది నేరుగా వ్యతిరేకం. ఆ బుగ్గల పరిశీలనకు ఖర్చుపెట్టిన ధనం వృథా అని ఆనాడు ఎవరైనా అని ఉంటే వారి మాటకు జవాబు దొరికేది కాదు.

పేద దేశానికి ముందు ఆసుపత్రి కావాలి, పరిశోధన సంగతి తరువాత చూసుకోవచ్చు అనే వాదం తరచు వినిపిస్తుంది. అందులో న్యాయం లేకపోలేదు. జ్వరంతో మూలుగుతున్నవానికి కావలసినది నేటి మాత్ర, రేపటి సిద్ధాంతం కాదు. అయితే ఆసుపత్రిలో ఉన్న మాత్ర, స్ట్రిప్, టీకా, ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ప్రయోజనం తెలియకుండా కొలిచిన లెక్కల నుంచి పుట్టినవే. పైగా ఆ లెక్క కోసం సుబ్బారావు సముద్రాలు దాటవలసి వచ్చింది. తిరిగి రాలేకపోయాడు. నేటి పరిస్థితి అంత దుర్భరం కాదు. హైదరాబాదులో 1977లో నెలకొన్న సి.సి.ఎం.బి. ఉంది. అంబాజీపేటలో పరిశోధన స్థానం ఉంది. అమలాపురంలో వైద్యకళాశాల ఉంది. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. కొరత ఉన్నది విద్యార్థి చేతికి పని అప్పగించడంలో. జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థి దృష్టీ ఒక్క వైద్య సీటు మీదనే నిలిచింది. ఆ సీటు రానివారు తాము ఓడిపోయామనుకుంటున్నారు. పరిశోధన అనే మరో దారి ఉందని వారికి చెప్పేవారు అరుదు. ప్రయోగశాల గంటలు పోటీ పరీక్షల బిట్లకు బలి అవుతున్నాయి. రికార్డు పుస్తకాలు ఒకరిని చూసి మరొకరు నింపుతున్నారు. చూడకుండానే రాసిన ఫలితం ఎంత చక్కని చేతిరాతలో ఉన్నా అది అబద్ధమే.

నిజానికి ఈ ప్రయోగానికి కావలసిన సామగ్రి ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. పలుచని గంజి, టింక్చర్ అయోడిన్, నాలుగు పరీక్షనాళికలు, ఒక గడియారం. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే చిక్కని నీలం వస్తుంది. లాలాజలం కలిపిన గంజిని నిమిషానికొకసారి పరీక్షిస్తే ఆ నీలం క్రమంగా పలచబడుతుంది. మరగబెట్టిన లాలాజలం కలిపితే ఎంతసేపటికీ మారదు. మంచులో ఉంచిన నాళికలో పని నత్తనడక నడుస్తుంది. ఒక బల్ల వద్ద ఎనిమిదవ నిమిషానికి నీలం పోయిందని ఒక విద్యార్థిని రాసుకుంటుంది. పక్క బల్ల మీద పదకొండు నిమిషాలు పడుతుంది. గంజి ఒక్కటే, అయోడిన్ ఒక్కటే. తేడా ఎక్కడ వచ్చిందో తెలియక ఇద్దరూ ఒకరి పరీక్షనాళికను ఒకరు వెలుతురుకు ఎత్తి చూసుకుంటారు.